తెరమీద మంచు… కాళ్ళకింద మంచు

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే పైనున్న కవరు నందలూరుది. మా ఒంటిమిట్టకు పొరుగూరే. రైలెక్కి నాలుగు శనక్కాయలు ఒలిచేలోపు దిగిపోవచ్చు. మామూలుగా ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో ఫలానా హీరో కొత్త చిత్రం ఎప్పుడు, ఫలానా పాట పాడిందెవరు అని ఉంటుంది. ఈ సోదరుడు మాత్రం ఏకంగా నా నెత్తిన మంచుగడ్డే పెట్టాడు!

"అయ్యా, 'సీతారామం' చూసినప్పటి నుంచి మా ఇంట్లో మంచు గోల మొదలైంది. ఈ చలికాలం సెలవులకు పోయి, కాళ్ళకు ఆ పొడుగాటి చెక్కలు కట్టుకొని మంచుమీద జారే ఆట నేర్చుకోవల్లని పిల్లల పట్టు. ఒకరు గుల్మార్గ్ అంటారు, ఒకరు ఔలి అంటారు, ఇంకొకరు మనాలి అంటారు. యాడికి పోవల్లో తెలియడంలేదు. మా అమ్మను మా చెల్లెలింట్లో వదిలిపెట్టి మేం నలుగురం పోదామని. సినిమాల్లో మంచంతా చూసినవారు కాబట్టి మీరే చెప్పాల."

చూశారా! ఒంటిమిట్టలో కూర్చున్నవాణ్ణి పట్టుకొని మంచు గురించి అడగడం! ఇక్కడ ఉష్ణోగ్రత పద్దెనిమిదికి దిగిందంటే ఊరంతా మంకీ టోపీల్లో దూరిపోతుంది. ఏప్రిల్ వచ్చిందంటే కోదండరాముడి గుడి రాతిబండలమీద అరికాలు మోపలేక ప్రదక్షిణం కాస్తా పరుగుపందెం అవుతుంది. రాములవారి కల్యాణం మా ఊళ్ళో రాత్రిపూట పండువెన్నెల్లో జరుగుతుంది. దానికి కథలూ కారణాలూ చాలా ఉన్నాయి గానీ, మా ఎండ చూసినవాళ్ళెవరూ ఆ ఏర్పాటును తప్పుబట్టరు.

అయినా సరే, చెబుతాను. ఎందుకంటే ఈ విషయంలో ఒకసారి బోల్తాపడి, రెండోసారి లేచి నిలబడ్డవాణ్ణి. ఇక ఆ ఉత్తరంలో "అమ్మను వదిలిపెట్టి" అనే ముక్క ఒకటుందే, దాని సంగతి చివర్లో తేల్చుకుందాం.

మంచు అంటే ఏ మంచు?

ముందు మాటల దగ్గరే ఒక చిక్కుంది. మనకు పొద్దున్నే శనగచేలో ఆకుమీద మెరిసే బిందువూ మంచే, రోడ్డుమీద బస్సు కనిపించకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల్లో పిండి జల్లెడపట్టినట్టు రాలేదీ మంచే. సినిమావాళ్ళకు మరీ సదుపాయం. 1982లో వంశీగారి తొలిచిత్రం 'మంచుపల్లకి' వచ్చింది. చిరంజీవి హీరో. పేరులో మంచుంది గానీ కథకు మంచుకొండలతో పనిలేదు.

కాబట్టి ఎవరైనా "మంచు చూడ్డానికి కాశ్మీరుదాకా ఎందుకయ్యా, మన లంబసింగి లేదా, మన హార్స్‌లీ కొండ లేదా?" అంటే నమ్మి రైలెక్కేరు! మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు సుమారు 1,265 మీటర్ల ఎత్తు. చల్లగా ఉంటుంది, పొగమంచు కమ్ముతుంది, అంతవరకే. చింతపల్లి పక్కన లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటారు. గట్టి చలిరాత్రి గడ్డిమీద మంచు పేరుకుంటే పేరుకోవచ్చు. అది పైనుంచి రాలే మంచు కాదు, నేలమీది తేమ గడ్డకట్టడం. దానిమీద చెక్కలు కట్టుకొని జారాలంటే చీమలకే సాధ్యం.

వెండితెర చేసే మోసం

ఇక సినిమా మంచు సంగతి. 'డాక్టర్ జివాగో' (1965) చూసి రష్యా చలికి వణికినవాళ్ళు ఎంతమందో! ఆ చిత్రం చాలావరకు తీసింది స్పెయిన్‌లో. అక్కడ మంచు చాలకపోతే పాలరాతి పొడి పరిచారు. ఆ మంచుతో గడ్డకట్టిన ఇల్లు ఉందే, అది మైనంతో చేసిన పనితనం. 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' (1939)లో కథానాయికమీద రాలిన మంచయితే ఆస్‌బెస్టాస్. ఇప్పుడైతే ఆ పొడి గాలిలో ఉంటేనే ముక్కు మూసుకొని పరిగెత్తుతాం.

మంచు నిజమైనదే అయినా ఊరు అబద్ధం కావచ్చు. జేమ్స్ బాండ్ చిత్రం 'ది స్పై హూ లవ్‌డ్ మీ' (1977) మొదట్లో హీరో స్కీలమీద దూసుకొచ్చి కొండకొమ్ము నుంచి గాలిలోకి ఎగిరి పారాచూట్ విప్పుతాడు. కథలో అది ఆస్ట్రియా. ఆ దూకుడు తీసింది కెనడాలోని బాఫిన్ దీవిలో, దూకింది హీరో కాదు, రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్‌మన్. అంతదూరం ఎందుకు, మన 'రోజా' (1992) తీసుకోండి. కథంతా కాశ్మీరు. అప్పట్లో అక్కడి పరిస్థితులు బాగాలేక మంచు దృశ్యాలు మనాలి వైపు తీశారు. ఆ బొమ్మ చూసి కాశ్మీరును ప్రేమించిన మన జనం నిజానికి మనసిచ్చింది హిమాచల్‌కు!

ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, పాట చూసి ఊరు ఎంచుకోకండి. పాటలో హీరోయిన్ పలచటి చీరలో మంచుమీద ఆడుతుంది. కట్ చెప్పగానే కంబళి తెచ్చి కప్పేందుకు ఒక మనిషి కెమెరా పక్కన నిలబడి ఉంటాడు. మీకూ నాకూ అలాంటి మనిషి ఉండడు.

నేను పడ్డ బోల్తా

మా నాయన, అమ్మ పెళ్ళయిన కొత్తలో కడపకు పోయి 'జంగ్లీ' అనే హిందీ బొమ్మ చూశారట. పాత బొమ్మే, మళ్ళీ వేశారు. శమ్మీకపూర్ అరుచుకుంటూ మంచులో జారిపోతాడు చూడండి, అది. హిందీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మకు ఆ తెలుపు కళ్ళల్లో ఉండిపోయింది. "ఒకతూరి పిల్చకపోతాలే" అన్నాడు నాయన. ఆ ఒకతూరి రాలేదు. ఒక ఏడు వాన రాలేదు, ఇంకో ఏడు బోరు వేస్తే నీళ్ళు పడలేదు, మరో ఏడు నా చదువు. నలభై ఏళ్ళు అట్లే గడిచి, నాయనే వెళ్ళిపోయాడు.

ఆయన పోయిన రెండేళ్ళకు, 2017 మే నెలలో, అమ్మనూ మా ఆవిణ్ణీ అబ్బాయినీ తీసుకొని మనాలి వెళ్ళాను. ఎందుకు మే? సెలవులు మేలో కాబట్టి. ఎందుకు మనాలి? 'రోజా' కాబట్టి! ఊరూ పేరూ వద్దు గానీ ఒక టూర్ సంస్థవాళ్ళు "మంచు గ్యారంటీ" అని రాసిచ్చారు. రోహ్‌తాంగ్ కనుమ దాకా అన్నారు. అక్కడికి రోజుకు ఇన్ని బండ్లనే లెక్కుంది, పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ దొరకలేదని పొద్దున బండి ఎక్కాక చెప్పారు. సగం దారిలో ఒక మలుపు దగ్గర ఆపి "ఇదిగో మంచు" అన్నారు. రోడ్డు పక్కన బురద కలిసి నల్లబడిన గడ్డ ఒకటి, దానిమీద నాలుగువందల మంది! మా దారిన మేం అద్దె కోట్లు వేసుకొని ఎలుగుబంట్లలాగా నిలబడ్డాం. ఎత్తుకు అమ్మకు ఆయాసం వచ్చింది. కారు దిగలేదు. అద్దంలోంచే చూసి, "ఇదేనా నాయనా?" అంది.

అంతే. ఇంకో మాట అనలేదు. ఆ ఒక్క మాటా ఆరేళ్ళు నా చెవిలో ఉంది.

ఎప్పుడు పోవాలి?

రెండోసారి ఆ తప్పు చేయదలచుకోలేదు. ఒక నోటుపుస్తకం పెట్టుకొని, పోయివచ్చినవాళ్ళను అడిగి, ఒక్కొక్కటే రాసుకున్నాను. మీరు కూడా ఈ వరసలోనే ఆలోచించండి.

మొదటి ప్రశ్న, ఎప్పుడు? మంచుకు మన బడి సెలవుల పట్టిక తెలియదు. కాశ్మీరువాళ్ళు చలికాలాన్ని మన కార్తెల్లాగే లెక్కగట్టుకున్నారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజులు 'చిల్లై కలాన్', పెద్దచలి. తరువాత ఇరవై రోజులు చిన్నచలి, ఆపైన పదిరోజులు పిల్లచలి. జారే ఆటకు కావలసింది ఒకదానిమీద ఒకటి పేరుకొని గట్టిపడిన మంచు. అది జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి చివరిదాకా దొరికే అవకాశం ఎక్కువ.

అవకాశం అన్నాను, గ్యారంటీ అనలేదు. ఆ మాట నాకిప్పుడు పడదు. హిమాలయాలకు చలికాలపు మంచును తెచ్చేవి పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మేఘాలు. మనకు నైరుతి ఎగ్గొట్టినట్టే వాళ్ళకు అవీ ఎగ్గొడతాయి. మేం 2024 సంక్రాంతికని గుల్మార్గ్ టికెట్లు కొన్నాం. ఆ జనవరిలో పేపర్లు తెరిస్తే ఏముంది? గుల్మార్గ్ గోధుమరంగు! నడిచలికాలంలో ఎండిన గడ్డి! మా చేనును చూసినట్టే ఉంది. మా ఆవిడ "ఇదేదో మనూళ్ళోనే చూసుకోవచ్చు గదా" అంది. అదృష్టం కొద్దీ తేదీలు మార్చుకొనే టికెట్లు. కొంత రుసుము కట్టి ఫిబ్రవరి నెలాఖరుకు మార్చాం. ఆ నెలలో మంచు కుమ్మరించింది. జాతీయ శీతాకాల క్రీడలు కూడా ఫిబ్రవరి 21 నుంచి 25 దాకా అక్కడ జరిగాయి. మరుసటి ఏడు, 2025లో, మళ్ళీ మంచు చాలక ఆ క్రీడలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరపవలసి వచ్చింది.

కనుక తేదీ మార్చుకొనే వీలున్న టికెట్టే కొనండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. అటూ ఇటూ రెండేసి రోజులు ఖాళీగా ఉంచుకోండి. మంచు పడాలని మనం పోతాం, మంచు పడితే విమానం ఆగిపోతుంది. ఇదీ అక్కడి తమాషా!

ఎక్కడికి పోవాలి?

ఇప్పుడు ఊళ్ళ సంగతి. నలుగురు కథానాయికలను వరసగా పరిచయం చేస్తాను. ఎవరిని బుక్ చేసుకుంటారో మీ ఇష్టం.

కుఫ్రి, నార్కండ. సిమ్లా దగ్గరివి. 1903 నాటి కాల్కా–సిమ్లా చిన్నరైలులో వెళ్ళడమే ఒక సరదా. అయితే మంచు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నేర్చుకోవడానికి వాలు చిన్నది. పాటలో ఒక చరణానికి సరిపోతుంది, మొత్తం బొమ్మకు చాలదు.

సోలాంగ్ లోయ. మనాలికి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. పిల్లలకు మొదటి పాఠాలకు బాగుంటుంది. జనం మాత్రం మొదటిరోజు మొదటి ఆటకు హాలు ముందున్నట్టు ఉంటారు. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం తెరిచాక, 9.02 కిలోమీటర్ల ఆ సొరంగం దాటి అవతలి లాహౌల్ వైపు మంచును చూసే వీలు కలిగింది. పద్ధతిగా నేర్చుకోవాలంటే మనాలిలో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ ఉంది, స్కీయింగు కోర్సులు పెడుతుంది.

ఔలి. ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైన. ఎదురుగా నందాదేవి శిఖరం, దేవదారు చెట్ల నడుమ నున్నటి వాలు. నేర్చుకోవడానికి మన దేశంలో మంచిచోట్లలో ఒకటి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఇక్కడ జరిగాయి. చిక్కల్లా దారి. రిషికేశ్ నుంచి పగలంతా ఘాటురోడ్డే. జోషీమఠ్ నుంచి పైకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉండేది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు పగుళ్ళిచ్చినప్పుడు దాన్ని ఆపేశారు. వెళ్ళేముందు దాని సంగతి విచారించుకోండి. వయసులో ఉన్నవాళ్ళు, వారం రెండువారాలు ఉండి పట్టుగా నేర్చుకుందామనుకునేవాళ్ళు, వీళ్ళ ఊరు ఇది.

గుల్మార్గ్. శ్రీనగర్ నుంచి యాభై కిలోమీటర్లు. ఎత్తు సుమారు 2,650 మీటర్లు. తెల్లదొరలు 1927లోనే ఇక్కడ స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఆడిన ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్, ఈ కొండ కింది తంగ్‌మార్గ్ ప్రాంతంవాడే. ఊళ్ళోనే గిన్నె అడుగులాంటి మెత్తటి వాలు ఉంది, కొత్తవాళ్ళు పడటానికి అనువుగా. అక్కడి నుంచి గొండోలా అనే తీగబండి రెండు అంచెలుగా పైకి పోతుంది. 1998లో మొదటి అంచె వచ్చింది, కొంగ్‌డోరి దాకా, మూడువేల మీటర్లపైన. 2005లో రెండో అంచె వచ్చింది, అఫర్వట్ కొండ భుజం దాకా, దాదాపు నాలుగువేల మీటర్లు. తిరుమల కొండలు నాలుగు ఒకదాని నెత్తిన ఒకటి పేర్చండి, అంత! అక్కడ గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో అరవై వంతులు మాత్రమే. గుండెజబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా రెండో అంచె ఎక్కకూడదు. స్కీలు నేర్చినవాళ్ళకు అది స్వర్గమట. నేర్వనివాళ్ళకు స్వర్గానికి అడ్డదారి.

విదేశాల మాట ఎత్తను. స్విట్జర్లాండు మంచు బాగుంటుంది, ఎవరు కాదన్నారు? యశ్‌చోప్రా అక్కడ తీసిన పాటలకు మురిసిపోయి ఇంటర్‌లాకెన్‌లో 2016లో ఆయన విగ్రహం పెట్టారు. మనం వెళ్తే మాత్రం బిల్లు పెడతారు.

ఎవరి కోసం పోవాలి?

ఇదే అసలు ప్రశ్న. నేను నోటుపుస్తకంలో మొదటిపేజీలో రాయవలసిందాన్ని చివరిపేజీలో రాశాను. అందరూ చేసేది ఏమిటంటే, ఇంట్లో అందరికన్నా హుషారైనవాణ్ణి చూసి ఊరు ఎంచుకుంటారు. కుర్రాడు జారాలి కాబట్టి జారేచోటికి. నేనంటాను, ఇంట్లో అందరికన్నా మోకాళ్ళు బలహీనమైనవాళ్ళను చూసి ఎంచుకోండి. కుర్రాడు ఎక్కడైనా జారతాడు. ముసలివాళ్ళకు మాత్రం ఊరు సరిగ్గా కుదరాలి.

అమ్మకోసం నాకు కావలసినవి నాలుగే. బండి దిగితే మంచు ఉండాలి. మరీ ఎత్తు ఉండకూడదు. వెచ్చటి గది నడిచే దూరంలో ఉండాలి. మేం జారుతుంటే ఆమె కూర్చొని చూసేచోటు ఉండాలి. ఈ నాలుగూ కలిసింది గుల్మార్గ్‌లో. అందుకని అక్కడికి.

శ్రీనగర్‌లో ఒకరాత్రి ఆగి ఒళ్ళు అలవాటు పడనిచ్చాం. తంగ్‌మార్గ్‌లో బండి చక్రాలకు ఇనుప గొలుసులు వేశారు. పదమూడు కిలోమీటర్ల ఘాటు, ఇరువైపులా దేవదారులు, కొమ్మలమీద తెల్లటి బరువు. అబ్బాయి అరుస్తున్నాడు, మా ఆవిడ ఫోన్లో బొమ్మలు తీస్తోంది, అమ్మ మాట్లాడలేదు.

మరునాడు పొద్దున నేనూ అబ్బాయీ పాఠానికి నిలబడ్డాం. స్కీ బూటు వేసుకున్నవాడి కష్టం ఏమని చెప్పను! సిమెంటులో కాలు పెట్టి ఎండబెట్టినట్టుంటుంది. చెక్కలు నిలబెడితే నా గడ్డం దాకా వచ్చాయి, కొత్తవాళ్ళకు అంతే ఇస్తారు. నేర్పే కుర్రాడు మొదట నేర్పింది జారడం కాదండోయ్, పడటం. పక్కకు పడాలి, చేయి ఆనించకూడదు. రెండోది ఆగడం. రెండు చెక్కల ముందుకొనలు దగ్గరికి, మడమలు దూరంగా. దానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు మంచునాగలి! తాతల నాటి నుంచి నాగలి పట్టిన వంశం మాది. అయినా గంటలో పదకొండుసార్లు పడ్డాను. "మోకాళ్ళు వంచు, ముందుకు వాలు" అంటాడు. భయం వేస్తే మనిషి వెనక్కే వాలతాడు, వాలితే చెక్కలు మనల్ని వదిలి వెళ్ళిపోతాయి. మూడోనాటికి అబ్బాయి మలుపులు తిరిగాడు. నేను తిన్నగా వెళ్ళి తిన్నగా ఆగడం నేర్చాను. సినిమాలో మూడు నిమిషాల పాటలో నేర్చేస్తారు. నిజంగా నేర్వాలంటే కనీసం నాలుగైదు రోజులు చేతిలో పెట్టుకోండి.

అమ్మను కూర్చోబెట్టి లాగుతామని స్లెడ్జి బండివాళ్ళు మూగారు. ఒక పెద్దాయన, ఆమె వయసుకు పదేళ్ళు చిన్నవాడు, తాడు భుజాన వేసుకొని నిలబడ్డాడు. అమ్మ ఎక్కలేదు. "ఒక మనిషి నన్ను లాగేదేంది? దుడ్డు ఆయప్పకియ్యి, నేను నడుస్తా" అంది. ఆయన డబ్బు తీసుకొని ఊరుకోలేదు. చేయి పట్టుకొని గుడిగుట్ట దాకా నడిపించాడు. రాజేష్‌ఖన్నా, ముంతాజ్ పాట పాడుకున్న 'ఆప్ కీ కసమ్' (1974)లోని శివాలయం అదే. మెట్ల దగ్గర నిలబడి, వంగి, రెండు చేతులా మంచు తీసింది అమ్మ. ఉన్ని చేతితొడుగు తీసేసి మరీ తీసింది. వద్దన్నా వినలేదు. అరచేతిలో అది కరిగి వేళ్ళ సందుల్లోంచి కారింది.

"ఇవి నీళ్ళే గదరా!" అంది.

"అవును మా."

"ఈ కొండంతా నీళ్ళేనా?"

కొత్తమంచు పది అడుగులు కరిగితే సుమారు అడుగు నీళ్ళు అవుతాయనీ, ఎండాకాలం మెల్లగా కరిగి జీలం నదికి పోతాయనీ చెప్పాను. చాలాసేపు ఆ కొండనే చూసింది. బిందె నెత్తిన పెట్టుకొని మైళ్ళు నడిచిన మనిషి. మా బోరు ఎండిన ఏడు రాత్రి రెండుగంటలకు లేచి చేతిపంపు దగ్గర వరసలో నిలబడిన మనిషి.

"కొండమింద దాచిపెట్టుకోనుండారు సూడు… కాపలా లేకుండా" అంది. తరువాత, "మీ నాయన చూసుంటే బాగుండు. ఆయప్ప శమ్మీకపూర్ మాదిరి దుంకేవాడు" అని నవ్వింది.

అమ్మ అలా నవ్వగా నేను చూసి చాలా ఏళ్ళయింది.

పోయేముందు నాలుగు మాటలు

కాటన్ బనియన్లు లోపల వేసుకోకండి. చెమటకు తడిసి ఒంటికి ఐసుముక్కల్లా అంటుకుంటాయి. లోపల ఉన్ని, నడుమ స్వెట్టరు, పైన నీరు దిగని కోటు, ఇలా మూడు పొరలు చాలు. నల్లకళ్ళద్దాలు సోకుకు కాదు, మంచుమీద పడి తిరిగొచ్చే ఎండ కళ్ళను కాలుస్తుంది. దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతుండండి. గొండోలా టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోండి, దళారుల చేతిలో పడకండి. మా ప్రీపెయిడ్ ఫోన్లు అక్కడ మూగబోయాయి. పోస్టుపెయిడ్ ఒకటి ఉంటే నయం.

గుర్తుపెట్టిన హద్దు దాటి జారకండి. ఇది మాత్రం పెద్దక్షరాలతో రాసుకోండి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ వాలుమీద మంచుచరియ విరిగి ఇద్దరు పోలండువాళ్ళు పోయారు. మేం వెళ్ళడానికి కొద్దిరోజుల ముందే, 2024 ఫిబ్రవరి 22న, ఇంకో విదేశీయుడు అలాగే పోయాడు. వాళ్ళు చేయి తిరిగినవాళ్ళు. మనం మంచునాగలి దగ్గరే ఉన్నాం.

మరోమాట. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చిచంపారు. సెలవుకని వెళ్ళిన మన తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. ఆ వార్త విన్నరోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అమ్మ మాత్రం తన చేయి పట్టుకొని నడిపించిన పెద్దాయన ఎలా ఉన్నాడో అని అడిగింది, యాత్రికులు రాకపోతే ఆయన పొయ్యి ఎలా వెలుగుతుందని. పొమ్మనీ చెప్పను, వద్దనీ చెప్పను. బయలుదేరే వారం ముందు ప్రభుత్వం ఏం చెబుతోందో చూసుకోండి, ఏ ఊళ్ళు తెరిచారో కనుక్కోండి, తరువాత నిర్ణయించుకోండి. మనసు ఒప్పకపోతే సోలాంగ్ ఉంది, తప్పేమీ లేదు. మేం చూసిన ఆ గుట్టమీది శివాలయం కూడా 2024 జూన్‌లో నిప్పంటుకొని బాగా కాలిపోయింది. మంచైనా, గుడైనా, మనిషైనా, చూడాలనుకున్నప్పుడే చూడాలి అనిపిస్తుంది.

ఇక నందలూరు సోదరుడా, నీ ఉత్తరానికి జవాబు. నువ్వూ నీ భార్యా పిల్లలూ నలుగురే అయితే, పదిరోజుల తీరిక ఉంటే, ఔలికి పో, ఆట బాగా నేర్చుకుంటావు. ఖర్చు తక్కువలో కావాలంటే సోలాంగ్. కానీ నా మాట వింటే నాలుగు టికెట్లు కాదు, ఐదు కొను. ఐదోది మీ అమ్మకు. అప్పుడు ఊరు ఏదన్న ప్రశ్న దానంతటదే తేలిపోతుంది, ఆమె మోకాళ్ళే చెబుతాయి. "నాకెందుకు నాయనా, మీరు పోయిరండి" అంటుంది. మా అమ్మా అట్లే అనింది. ఆ మాట నమ్మవద్దు.

పోయివచ్చాక ఆమె ఏమన్నదో నాకొక కార్డుముక్క రాయి. వచ్చేవారం మళ్ళీ సినిమా కబుర్లతో కలుద్దాం. అంతదాకా సెలవు.